సీరియల్ భీముడు, సినిమా భీముడు

‘ఛోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్’ 2012 మే 18న థియేటర్లకు వచ్చిన యానిమేషన్ సినిమా. దర్శకుడు రాజీవ్ చిలక. నిర్మించింది ఆయనే 2001లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్. 2008లో పోగో చానల్‌లో మొదలైన ‘ఛోటా భీమ్’ సీరియల్ దీనికి మూలం. భీమ్‌ను హీరోగా పెట్టి టీవీ కోసం తీసిన పెద్ద నిడివి కథలు అంతకు ముందే ఉన్నాయి. టికెట్టు కొని హాల్లో కూర్చుని చూసిన భీమ్ సినిమా మాత్రం ఇదే మొదటిది. తర్వాత 2013లో ‘థ్రోన్ ఆఫ్ బాలి’, 2016లో ‘హిమాలయన్ అడ్వెంచర్’, 2019లో త్రీడీలో ‘కుంగ్ ఫూ ధమాకా’ వచ్చాయి. దమ్యాన్ కథనే నటీనటులతో మళ్లీ తీసి 2024 మే 31న విడుదల చేశారు.

సీరియల్ లోకం చిన్నది. ఢోలక్‌పూర్ అనే రాజ్యం, దానికి ఇంద్రవర్మ రాజు, ఆయన కూతురు ఇందుమతి. భీమ్, చుట్కి, పసివాడు రాజు, మాట్లాడే కోతి జగ్గు ఒక జట్టు. వీళ్లంటే గిట్టని కాలియా, అతని వెంట తిరిగే కవలలు ఢోలు, భోలు ఇంకో జట్టు. లడ్డూల దుకాణం నడిపే టున్‌టున్ మౌసి చుట్కికి తల్లి. కథ పావుగంట లోపే ముగుస్తుంది. ఆపద వస్తుంది, భీమ్ లడ్డూ తింటాడు, బలం పుంజుకుంటాడు, ఆపద తొలగిపోతుంది.

సినిమా ఈ చిన్న లోకాన్ని ఊరు దాటించింది. దమ్యాన్ అనే దుష్టుడు శాపానికి కట్టుబడి సోనాపూర్ అనే నగరం దాటి రాలేకుండా ఉంటాడు. అక్కడ అంతులేని సంపద ఉందని దొంగలు చెప్పిన మాటలకు ఇంద్రవర్మ ఆశపడి పరివారంతో బయల్దేరతాడు. ఆ ఆశే దమ్యాన్‌కు విడుదల తెచ్చిపెడుతుంది. పెద్దవాళ్లు చేసిన తప్పు దిద్దడానికి భీమ్, స్నేహితులు గురు శంభు సాయంతో కాలంలో వెనక్కి, వెయ్యేళ్ల కిందటి సోనాపూర్‌కు వెళ్తారు.

ఈ సినిమా మీద కింద సాగే సంవాదంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. అక్క ఎర్రుపాలెంలో ప్రాథమిక పాఠశాల టీచర్. తమ్ముడు హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలో ఉన్నాడు, పండగలకు ఊరొస్తాడు. ఎర్రుపాలెం ఖమ్మం జిల్లా చివర, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని, కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉన్న మండల కేంద్రం. బొమ్మల సినిమాలు ఎక్కువగా నగరాల మల్టీప్లెక్సుల్లోనే ఆడతాయి కాబట్టి ఇక్కడి పిల్లల్లో చాలామంది దమ్యాన్ సినిమాను చూసింది టీవీలోనే, సీరియల్ చూసే ఆ తెర మీదే. సినిమాను సమర్థించేది అక్క. తప్పులు పట్టేది బొమ్మలు గీసి బతికే తమ్ముడు.

తమ్ముడు: అక్కా, సీరియల్‌ను సినిమాగా తీసేవాళ్లు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇంట్లో రోజూ ఊరికే దొరికేదాన్ని డబ్బులిచ్చి చూడమంటున్నారు గదా, ఇంట్లో దొరకనిది ఏం ఇస్తున్నారు? పెద్ద తెర ఒక్కటే ఇస్తే చాలదు. పావుగంటలో పట్టని భయం ఇవ్వాలి, పావుగంటలో పట్టని దుఃఖం ఇవ్వాలి. ఒక మనిషి మారడానికి కావలసినంత సమయం గంటన్నరలో ఉంటుంది. దమ్యాన్ సినిమాలో కథ పొడుగైంది గాని, భీమ్ మొదటి సీన్‌లో ఎట్లా ఉన్నాడో చివరి సీన్‌లోనూ అట్లాగే ఉన్నాడు.

అక్క: మారకపోతే తప్పేందిరా? పిల్లలకు కావలసిందే అది. మా రెండో తరగతిలో కొత్త కథ ఎత్తుకుంటే పిల్లలు మొట్టమొదట అడిగేది, ‘టీచర్, వాడు మంచోడా చెడ్డోడా’ అని. అది తేలేదాకా కథలోకి దిగరు. భీమ్ విషయంలో ఆ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. వేరే సినిమా అయితే హీరో ఎవరో, వాడి స్నేహితులెవరో చెప్పడానికే అరగంట పోతుంది. ఇందులో మొదటి నిమిషం నుంచీ కథే నడుస్తుంది. సీరియల్ నుంచి వచ్చిన సినిమాకు ఉండే పెద్ద బలం అదే.

అక్క చెప్పిన బలాన్ని అంతకు ముందు వచ్చిన బొమ్మల సినిమాల పక్కన పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది. 2005లో వచ్చిన ‘హనుమాన్’ పురాణం మీద ఆధారపడింది. హనుమంతుడెవరో ఏ ప్రేక్షకుడికీ చెప్పనక్కర్లేదు. 2006 నాటి తెలుగు సినిమా ‘కిట్టు’ ఎవరికీ తెలియని కోతిపిల్లను ప్రేక్షకుడికి మొదటినుంచీ పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు అందుకున్నా, కిట్టు బొమ్మ పిల్లల బ్యాగుల మీదికి ఎక్కలేదు. భీమ్‌ది వీటికి భిన్నమైన దారి. పేరు భారతంలోంచి వచ్చినా ఇతను పాండవుడు కాదు, ఇతని కథలు ఏ పురాణంలోనూ లేవు. నాలుగేళ్లు టీవీలో రోజూ కనిపించి కనిపించి, థియేటర్ నాటికి పిల్లలకు ఇంట్లో మనిషైపోయాడు. కొత్త పాత్రకు ఇంత పరిచయం సంపాదించి పెట్టడం సీరియల్‌కే సాధ్యం.

తమ్ముడు: పరిచయం ఉందని ఊరుకుంటే ఎట్లా? ఆ పరిచయాన్ని పెట్టుబడిగా పెట్టి ఇంకేదైనా కొనాలి. జపాన్ వాళ్ల డోరేమాన్ చూడు. ఆ సీరియల్ సినిమాలు 1980 నుంచి దాదాపు ఏటా వస్తున్నాయి. సీరియల్‌లో జియాన్ అనేవాడు నోబితా అనే తోటి పిల్లాణ్ణి కొడతాడు, వస్తువులు గుంజుకుంటాడు. సినిమాకొచ్చేసరికి అదే జియాన్ నోబితాను కాపాడటానికి ప్రాణాల మీదికి తెచ్చుకుంటాడు. అక్కడి ప్రేక్షకులు ‘సినిమా జియాన్’ అని వాణ్ణి విడిగా చెప్పుకుంటారు. సీరియల్‌లో ఏళ్ల తరబడి చూసిన దౌర్జన్యం ఉంది కాబట్టే సినిమాలో ఆ మంచితనానికి కళ్లు చెమరుస్తాయి. కాలియాకు ఆ అవకాశం ఎంత ఉంది! వెయ్యేళ్లు వెనక్కి పోయిన పిల్లాడు, అమ్మానాన్న ఇంకా పుట్టని లోకంలో ఉన్నాడు. ఒక్క రాత్రి నిద్రపట్టక భీమ్ పక్కన వచ్చి కూర్చుంటే చాలు. కాని వాడి చేత భయంతో అరిపించారు, మనల్ని నవ్వించారు. సీరియల్‌లో వాడు చేసేదీ అదే.

అక్క: నీ జపాన్ సంగతి నాకు తెలీదు గాని, మన తోలుబొమ్మలాట తెలుసు. తెల్లార్లూ రామాయణం ఆడేవాళ్లు. జుట్టుపోలిగాడు ఏ రోజైనా మారాడా? బంగారక్క మారిందా? వాళ్లు తెర మీదికి రాగానే ఏం చేస్తారో జనానికి ముందే తెలుసు. తెలుసు కాబట్టే నవ్వారు. కాలియా, ఢోలు, భోలు ఆ కోవలోని వాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి ఏడిపించాలని ఎందుకు అనిపిస్తుంది నీకు?

తమ్ముడు: జుట్టుపోలిగాడు మారడు, నిజమే. కాని అదే తెర మీద లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు రాముడు ఏడుస్తాడు గదా అక్కా. జుట్టుపోలిగాడి నవ్వు ఆ ఏడుపు పక్కన ఉంటేనే రాత్రంతా జనం కదలకుండా కూర్చున్నారు. దమ్యాన్ సినిమాలో నవ్వించేవాళ్లు ఉన్నారు. ఆ ఏడుపు ఏదీ?

ఈ ప్రశ్నకు అక్క వెంటనే జవాబివ్వదు. ఆమె తీసుకొచ్చే ఉదాహరణ భీమ్‌ది కాదు, ఇంద్రవర్మది.

అక్క: నువ్వు హీరోనే చూస్తున్నావు. రాజును చూడు. సీరియల్‌లో ఇంద్రవర్మ మంచి రాజు, ఏ కష్టమొచ్చినా భీమ్‌ను పిలుస్తాడు, అంతవరకే. ఈ సినిమాలో ఆపదను ఇంటికి తెచ్చింది ఆయనే. బయటి శత్రువు దండెత్తి రాలేదు, మంత్రగాడు ఊరి మీద పడలేదు. బంగారం మీద ఆశ పుట్టింది, మంచి రాజు దొంగల మాట విన్నాడు. మంచివాడు కూడా తప్పు చేస్తాడని, ఆ తప్పుకు ఊరంతా నష్టపోతుందని పిల్లలకు ఎవరు చెబుతారు? పాఠంలో చెబితే వినరు. ఆ సినిమా టీవీలో వచ్చిన మర్నాడు మా బడిలో ఒక పాప అడిగింది, ‘రాజు ఎందుకు పోయాడు టీచర్, మనకు బంగారం వద్దు గదా’ అని. ఆ ప్రశ్న పుట్టించింది గొప్ప సినిమానా కాదా అని నువ్వు తూచుకో. నాకు మాత్రం అది చాలు.

తమ్ముడు: కథలో అన్నిటికన్నా మంచి ఆలోచన అదే, కాదనను. కాని దానికి జరిగిందేమిటో చూడు. తప్పు జరిగింది, దమ్యాన్ బయటపడ్డాడు. ఇక పిల్లలు కాలంలో వెనక్కి వెళ్లి ఆ ఆపద పుట్టకముందే తుంచెయ్యాలి. తుంచేస్తే రాజు చేసిన తప్పుకు బరువేముంది? చేసినవాడు దాని ముందు నిలబడి తలదించుకునే ఘడియ ఉండాలి. కాలప్రయాణం ఆ ఘడియను ఎత్తుకెళ్లిపోయింది. రాజు ఆశతో మొదలైన కథ భీమ్ గుద్దులతో ముగిసింది. మొదలుకూ ముగింపుకూ మధ్య ఉండాల్సిన ముడి అక్కడ జారిపోయింది.

అక్క: ఏడేళ్ల పిల్లకు తప్పు చేశాక మొదట పుట్టే కోరిక ఏందో తెలుసా? జరిగింది జరగకుండా పోతే బాగుండని. ఆ కోరికను కథగా తీశారు. దాని బరువు నువ్వు ముప్పై ఏళ్లకు మోద్దువు గాని, వాళ్లను ముందు ఆ గుమ్మం దాకా రానీ.

బలహీనతల్లో ఎక్కువ చర్చ జరిగేది లడ్డూ గురించి. భీమ్‌కు లడ్డూ తిండీ, మందూ, గెలుపు గుర్తూ. సీరియల్ కట్టుబాటు అంతా దాని మీదే నిలిచింది. సినిమా కూడా ఆ కట్టుబాటును వదులుకోలేదు.

తమ్ముడు: తెలుగువాడికి తెర మీద లడ్డూ అంటే ‘మాయాబజార్’. 1957లో కె.వి.రెడ్డి తీసింది. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడై పెళ్లివిందు ముందు కూర్చుంటాడు, లడ్డూలు వాటంతటవే నోట్లోకి పోతుంటాయి. ఇప్పటికీ ఆ సీను చూసి పిల్లలు కేకలేస్తారు. ఎందుకు? ఆ తినడంలోనే ఘటోత్కచుడు మొత్తం కనిపిస్తాడు. ఆకలి, గర్వం, కొంటెతనం, శత్రువుల విందును తానొక్కడే లాగించేస్తున్న ఆనందం, అన్నీ ఆ నవ్వులో ఉన్నాయి. లడ్డూ తినడమే సీను. భీమ్ సినిమాలో లడ్డూ తినడం సీను కాదు, తాళం తీయడం. లడ్డూ నోట్లో పడిందంటే గెలుపు ఖాయం. పావుగంట కథలో అది ముచ్చటగా ఉంటుంది. గంటన్నర కథలో పెద్ద కష్టమే వచ్చినా, చూసేవాడి మనసులో ఒక మూల ‘లడ్డూ ఎప్పుడొస్తుంది’ అని ఎదురుచూపు ఉంటుంది గాని, ‘ఇప్పుడెట్లా’ అన్న భయం ఉండదు.

అక్క: ఆ ఎదురుచూపే పండగరా. ఒకసారి పిల్లల మధ్య కూర్చుని చూడు. దెబ్బ తిని భీమ్ కింద పడగానే ఒకడు మొదలుపెడతాడు, ‘లడ్డూ తిను, లడ్డూ తిను’ అని. తర్వాత గదంతా అదే. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని పిల్ల కూడా లేచి అరుస్తుంది. తెర మీది వాడికి తన మాట వినపడుతుందని ఆ పిల్ల నమ్మింది. ఆ నమ్మకం కలిగించడం చిన్న సంగతా? నీకు భయం కావాలి. వాళ్లకు సాయం చెయ్యాలని ఉంది.

తమ్ముడు: సాయం చెయ్యాలంటే ఆపద నిజమని నమ్మాలి గదా.

అక్క: వాళ్లు నమ్ముతారు. నమ్మనిది నువ్వు.

ఇక బొమ్మ సంగతి. తమ్ముడి నైపుణ్యం ఉన్నది ఇక్కడే. అతను చెప్పే వివరం సీరియల్‌కూ సినిమాకూ తేడా ఎక్కడ పుడుతుందో చూపిస్తుంది.

తమ్ముడు: సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీస్తే కదలిక నీళ్లలా జారుతుంది. టీవీ సీరియల్‌కు అంత డబ్బు, అంత తీరిక ఉండవు. అందుకని పాత్రను ముక్కలుగా గీసి పెట్టుకుంటారు. తల ఒకటి, మొండెం ఒకటి, పైచెయ్యి, ముంజెయ్యి, పిక్క, పాదం, అన్నీ విడివిడిగా కంప్యూటర్లో ఉంటాయి. కీళ్ల దగ్గర కలిపి తిప్పుతారు. నోటికి పది లోపు ఆకారాలు ఉంటాయి. ‘ఆ’కు ఒకటి, ‘ఊ’కు ఒకటి, పెదాలు మూసినప్పుడు ఒకటి. మాటకు తగ్గట్టు వాటిని మారుస్తుంటారు. భీమ్ మాట్లాడేటప్పుడు గమనించు. ఒళ్లంతా కదలకుండా ఉంటుంది, నోరు కదులుతుంది, కనుబొమ్మలు ఎగురుతాయి, మధ్యమధ్య రెప్ప పడుతుంది. నడక కూడా అంతే. కొన్ని బొమ్మలతో ఒక నడక తయారుచేసి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పి, వెనక చెట్లను జరుపుతారు. ఇదంతా టీవీకి తప్పు కాదు. ఇరవై ఒక్క అంగుళాల తెర మీద బాగానే ఉంటుంది. దాన్నే నలభై అడుగుల తెర మీద వేస్తే ఒళ్లు బిగుసుకుపోయిన మనుషులు కనపడతారు. దమ్యాన్ సినిమాలో కోటలకు, ఆకాశానికి, వెలుగుకు పెట్టిన శ్రద్ధ కనిపిస్తుంది. మనుషుల నడకకు అంత శ్రద్ధ దక్కలేదు. వెనక సినిమా, ముందు సీరియల్.

అక్క: మీకు చేతగాకనా?

తమ్ముడు: చెయ్యి లేక కాదక్కా, రోజులు లేక. హైదరాబాద్ స్టూడియోలు బయటి దేశాల సీరియళ్లకు ఎంత మంచి పని చేసిస్తున్నాయో తెలుసు గదా. 2010లో వచ్చిన ‘ద జంగిల్ బుక్’ సీరియల్ ఇక్కడి డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ తీసిందే. ఒక షాట్‌కు ఎన్ని రోజులు ఇస్తే అంత ప్రాణం వస్తుంది. సీరియల్ సినిమాకు జనం బొమ్మ బాగుందని రారు, భీమ్ ఉన్నాడని వస్తారు. ఆ సంగతి పెట్టుబడి పెట్టేవాడికీ తెలుసు. ముందే వస్తారని తెలిసినవాళ్ల కోసం ఎక్కువ ఖర్చు ఎవరు పెడతారు? నువ్వు చెప్పిన బలంలోంచే ఈ బలహీనత పుట్టింది.

అక్క: మా ఊరి పిల్లలకు నలభై అడుగుల తెర లేదు. వాళ్లు చూసింది నువ్వన్న ఇరవై ఒక్క అంగుళాల తెర మీదే. వాళ్లకు భీమ్ బిగుసుకుపోయి కనపడలేదు.

తమ్ముడు: నా బాధ అదే. మధ్యమధ్య బిస్కెట్ల ప్రకటనలు, నీళ్లసీసాల ప్రకటనలు, వాటి మధ్య సినిమా. సోనాపూర్ ఎంత పెద్దదో వాళ్లకు తెలియనే లేదు. హాల్లో చూసినవాడికి బొమ్మ చాల్లేదు, ఇంట్లో చూసినవాడికి తెర చాల్లేదు.

ఇక్కడ రెండు వాదాలూ ఒకే చోటికి చేరినట్టు కనిపిస్తాయి. సీరియల్ ప్రేక్షకుల్లో పెద్ద భాగం చిన్న ఊళ్లలో ఉంది. సినిమా విడుదలయ్యేది పెద్ద ఊళ్లలో. పాత్రను పెంచిన ప్రేక్షకులకే పాత్ర సినిమా ఆలస్యంగా, చిన్నదై అందుతోంది. ఎర్రుపాలెం నుంచి రైలెక్కితే అటు ఖమ్మం, ఇటు విజయవాడ దూరం కాదు. కాని నలుగురు పిల్లలున్న ఇంటికి చార్జీలు, టికెట్లు కలిస్తే బొమ్మల సినిమా అందుబాటు ఖర్చు కాదు.

ఆ తర్వాత మాట చుట్కి వైపు మళ్లుతుంది. ఇక్కడ పక్షాలు తారుమారవుతాయి.

అక్క: సినిమాను నేను వెనకేసుకొస్తున్నాను గాని, ఒక్కటి మాత్రం నాకు నచ్చదు. చుట్కి. సీరియల్‌లో ఆ పిల్ల తెలివైనది, పని తెలిసినది, భీమ్‌కు లడ్డూ అందించేది. సినిమాలో అంత దూరం వెంట వెళ్లింది, అక్కడ కూడా నిర్ణయం తీసుకునే చోటు ఆమెకు రాలేదు. మా బడిలో సగం మంది ఆడపిల్లలు. ఆటలో భీమ్ ఎవరంటే మగపిల్లలు కొట్టుకుంటారు, చుట్కి ఎవరంటే ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపు నాకు బాగుండదు.

తమ్ముడు: చుట్కిని తీసిపారెయ్యకు. 2020లో భీమ్ ఇందుమతిని పెళ్లాడాడని ఎవరో అంటే, చుట్కికి న్యాయం చెయ్యాలని దేశమంతా సోషల్ మీడియాలో గొడవ చేసింది. వాళ్లింకా చిన్నపిల్లలే, ఎవరికీ పెళ్లి కాలేదని కంపెనీ వాళ్లు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అంత మనసులో పెట్టుకున్నారు ఆ పిల్లను.

అక్క: పెళ్లి దగ్గర గుర్తొచ్చింది గాని, యుద్ధం దగ్గర గుర్తు రాలేదు. నేను చెప్పేదీ అదే.

తమ్ముడి దగ్గర దీనికి జవాబు లేదు. ఈ లోపం ఒక్క దమ్యాన్ సినిమాది కాదు. బాలి ద్వీపంలో రంగ్‌ద అనే మంత్రగత్తెతో పోరాడిన ‘థ్రోన్ ఆఫ్ బాలి’లోనూ, చైనాలో సాగే ‘కుంగ్ ఫూ ధమాకా’లోనూ దేశం మారింది, శత్రువు మారాడు, జట్టులో ఎవరి స్థానం వాళ్లదే. కొత్త ఊరును చూపడం సీరియల్ సినిమాకు తేలికైన మార్గం. పాత మనుషుల మధ్య కొత్త సంబంధం చూపడం కష్టం. భీమ్ సినిమాలు మొదటిదాన్నే ఎక్కువసార్లు ఎంచుకున్నాయి.

భాష గురించి ఇద్దరికీ అభిప్రాయభేదం తక్కువ. హైదరాబాద్‌లో పుట్టిన ఈ పాత్ర మొదట మాట్లాడింది హిందీ. తెలుగు గొంతు తర్వాత వచ్చి చేరింది. నోటి ఆకారాలు హిందీ మాటకు గీసినవి కాబట్టి తెలుగు మాటను వాటిలో ఇరికించాలి. తెలుగు వాక్యం తరచూ పొడుగవుతుంది, మాట చివర అచ్చు నిలుస్తుంది. అందుకని డబ్బింగులో వేగం పెంచుతారు, లేదా మాటను కుదిస్తారు. అప్పుడు సామెత పోతుంది, పిలుపు పోతుంది. ‘ఒరేయ్’, ‘ఏమే’ లాంటి ఊరి మాటలు పోయి, ఎవరివీ కాని మాటలు మిగులుతాయి. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు గ్రీన్ గోల్డ్ సంస్థే తీసిన ‘మైటీ లిటిల్ భీమ్’ ఈ చిక్కును మొత్తంగా దాటేసింది. అందులో భీమ్ పాకే పసివాడు, మాటలు దాదాపు ఉండవు. భారతదేశం బయట రెండు కోట్ల డెబ్భై లక్షల ఇళ్లలో దాన్ని చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. బొమ్మ చేతిలో ఉన్న శక్తికి అది నిదర్శనం. అయితే మాట లేని భీమ్ ప్రపంచమంతా తిరిగినా, ఎర్రుపాలెం పిల్లల యాసలో మాట్లాడే భీమ్ ఇంకా పుట్టలేదు.

అక్క: నటులతో తీసిన దమ్యాన్ కూడా వచ్చింది గదా, 2024లో. అనుపమ్ ఖేర్ గురు శంభు. అది చూశాక నీ మాట మారాలే!

తమ్ముడు: ఒక విధంగా మారింది. బొమ్మల సినిమాలో ఏముందో దాన్ని చూశాకే బాగా తెలిసింది. బొమ్మ భీమ్ ఒక్క గుద్దు గుద్దితే పహిల్వాను ఆకాశంలో చుక్కైపోతాడు, మనం నవ్వుతాం. దెబ్బకు నొప్పి లేదని బొమ్మే చెబుతుంది. అదే పని నిజం పిల్లాడు చేస్తే నవ్వు రాదు, గ్రాఫిక్స్ ఎట్లా చేశారో అని చూస్తాం. ఆ లోకం గీతల్లోనే బతుకుతుంది. ఇంద్రవర్మ మీసం, కాలియా పొట్ట, జగ్గు తోక, అన్నిటికీ ఒకే గుండ్రని గీత. ఆ గీతను సీరియల్‌ నుంచి సినిమా దాకా చెడకుండా కాపాడారు. అది సినిమాకు నిజమైన బలం, ఒప్పుకుంటాను.

అక్క: ఇంకో మాట అడుగుతా, జవాబు చెప్పు. మొన్న 2025 జూలైలో ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. అశ్విన్ కుమార్ తీసింది. తెలుగులో గీతా ఆర్ట్స్ విడుదల చేసింది. మూడు వందల కోట్లు దాటిన వసూళ్లట. దానికి ముందు సీరియల్ లేదు, దాని వెనక వరసగా సినిమాలు తీస్తారంట. నువ్వు మెచ్చుకున్నావు గదా దాన్ని? అందులో ప్రహ్లాదుడు మారాడా? మొదటి నుంచి చివరిదాకా ఒకటే మాట, ఒకటే నమ్మకం. 1932లో మన మొదటి టాకీ కూడా ఆ పిల్లాడి కథే. మారని పిల్లాణ్ణి తెలుగువాళ్లు తొంభై ఏళ్లకు పైగా తెర మీద చూస్తూనే ఉన్నారు. మరి భీమ్‌ను ఎందుకు మారమంటావు?

తమ్ముడు: (కొంచెం ఆగి) సరే. మారనక్కర్లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటాను. కాని ప్రహ్లాదుణ్ణి ఏనుగుల చేత తొక్కించారు, కొండ మీంచి తోశారు, విషం పట్టించారు. కన్నతండ్రే ఆ పనులు చేయించాడు. పిల్లాడు మారలేదు గాని, మారతాడేమోనని మనం వణికాం. మారకుండా ఉండటానికి ఎంత ఖర్చయిందో చూశాం. భీమ్‌కు ఆ పరీక్ష పెట్టలేదు. దమ్యాన్ శరీరాన్ని కొట్టాడు, నమ్మకాన్ని కొట్టలేదు. తను కొలిచే రాజే బంగారం కోసం ఊరిని ముంచాడని తెలిసిన క్షణంలో భీమ్ మనసు ఒక్కసారి ఊగి ఉంటే? అయినా నిలబడి ఉంటే? సీరియల్ ఇవ్వలేనిది అప్పుడు సినిమా ఇచ్చి ఉండేది. పెద్ద శత్రువును ఇచ్చారు, పెద్ద పరీక్ష ఇవ్వలేదు.

అక్క: ఇది ఒప్పుకుంటాను. ఆ పరీక్షకు కావలసిన ముక్కలన్నీ కథలోనే ఉన్నాయి. రాజు ఆశ ఉంది, పిల్లల విశ్వాసం ఉంది. రెండూ ఒకదాని ముందు ఒకటి నిలబడలేదు.

ఈ విమర్శ భీమ్‌తో ఆగదు. ఏ సీరియల్ సినిమాకైనా ప్రేక్షకుడు ముందే ప్రేమించిన పాత్ర దొరుకుతుంది. ఆ ప్రేమ వల్ల పరిచయానికి పట్టే సమయం మిగులుతుంది, నష్టభయం తగ్గుతుంది. మిగిలిన ఆ సమయాన్ని పోరాటాలు పొడిగించడానికి వాడితే సినిమా పొడవైన ఎపిసోడ్ అవుతుంది. పాత్ర ఇంతవరకు ఎదుర్కోని పరీక్షకు వాడితే సినిమా అవుతుంది. దమ్యాన్ సినిమా మొదటి సగంలో రెండోదానికి దగ్గరగా నడిచి, తర్వాత మొదటిదాని వైపు మళ్లింది. అయినా హైదరాబాద్‌లో గీసిన కొత్త పాత్ర ఒకటి పురాణం అండ లేకుండా, పెద్ద నటుల పేరు లేకుండా పిల్లలను థియేటర్ దాకా రప్పించగలదని ఆ సినిమా చూపించింది. ఆ దారి అంతకు ముందు లేదు.

ఆ దారిలో తర్వాత నడిచేవాళ్లను అక్క, తమ్ముడు ఇద్దరూ అడిగేది ఒకటుంది. హైదరాబాద్‌లో తీసే తర్వాతి సీరియల్ సినిమాకు మాటలు ముందు తెలుగులో రాయించండి, నోటి ఆకారాలు ఆ మాటలకే గీయండి, చుట్కికి ఒక నిర్ణయం ఇవ్వండి. విడుదలైన వారమే ఎర్రుపాలెం దగ్గరి మధిర లాంటి ఊళ్ల హాళ్లలో తక్కువ టికెట్టుకు ఒక ఉదయం ఆట వేయండి.